సోదాలు, చట్టం, మన బాధ్యత

2007 మే 18న జుమా రోజు హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకు వచ్చినవారే ప్రాణాలు కోల్పోయారు. ఆపైన అనుమానంతో పట్టుకుపోయిన ముస్లిం యువకుల్లో పలువురిని కోర్టులు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. 2012లో ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. బాంబుకూ, అనుమానానికీ నష్టపోయినవాళ్లం కనుక మనకు భద్రతా కావాలి, హక్కులూ కావాలి.

ఇది మన సీమకు దూరపు సంగతి కాదు. 2022 సెప్టెంబరు 18న ఎన్.ఐ.ఎ. సోదాలు కర్నూలులోనూ జరిగాయి. 2025లో పాత కడప జిల్లా రాయచోటిలో, దాదాపు 30 ఏళ్లుగా తప్పించుకు తిరుగుతున్నారంటూ ఇద్దరిని తమిళనాడు పోలీసులు అరెస్టు చేశారు. వారి ఇళ్లలో పేలుడు పదార్థాలు దొరికాయని మన పోలీసులు ప్రకటించారు. నిజం కోర్టులో తేలాలి. అయితే అలాంటి సరుకు పక్కింట్లో ఉంటే ముందు ప్రమాదం ఆ వీధి పిల్లలకే. కాబట్టి సోదానే తప్పు అనలేం. అది చట్టప్రకారం జరగాలి అంటాం.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం:

1. చట్టబద్ధంగా సోదాకు వస్తే తలుపు తీయాలి, అడ్డుపడకూడదు.
2. వారెంటు లేకుండా సోదా చేసే అధికారి కారణాలు రాసిపెట్టి, 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు పంపాలి.
3. ఇద్దరు స్థానిక సాక్షులు ఉండాలి. ఇంటివారిని దగ్గర ఉండనివ్వాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు ఇవ్వాలి.
4. సోదాను వీడియో తీయాలి.
5. స్త్రీని స్త్రీయే సోదా చేయాలి. గోషా పాటించే స్త్రీ ఉన్న గది తలుపు పగలగొట్టే ముందు ఆమె తప్పుకోవడానికి అవకాశమివ్వాలి.

అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఉపా కేసుల్లోనూ అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2024 మే 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉపా కింద బెయిలు కష్టం, చార్జిషీటు గడువు 180 రోజుల దాకా పెరగవచ్చు. అందుకే మొదటి రోజు కాగితాలే నిర్దోషికి అండ.

దాతలకు మా విన్నపం: ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు గుర్తింపు పత్రాలు చూసి ఒప్పందం రాసుకోండి. విచారించకుండా వార్తను నమ్మవద్దన్న హుజురాత్ సూరా బోధను ఫోన్‌లో వచ్చే వదంతులకూ వర్తింపజేయండి. అరెస్టయినవారికి 15100 నంబరు ద్వారా ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని మహల్లాలో చెప్పండి. కేసు నడిచినన్నాళ్లూ ఆ ఇంటి పిల్లల ఫీజు, రేషను ఆగకుండా చూడటానికి మీ సదఖాలో కొంత కేటాయించండి. నేరం ఎవరిదైనా, ఆకలి మాత్రం ఆ పిల్లలది.