అడిగితే ర్యాంకేం పోదు

ఇంటర్‌లో మీకు మార్కులు తెచ్చిపెట్టిన అలవాటు ఒకటుంది: తల వంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక్కరే చదవడం. వరంగల్ నిట్‌లో చేరినా, కాకతీయ యూనివర్సిటీ(కేయూ)లో చేరినా, కాకతీయ మెడికల్ కాలేజీలో చేరినా మొదటి నెలలోనే దాన్ని కాస్త సడలించండి.

కార్పొరేట్ కాలేజీలో ఒంటరిగా చదివామనుకుంటాం గానీ, నిజానికి చుట్టూ పెద్ద యంత్రాంగమే నడిచింది. పొద్దున లేపడానికి వార్డెన్, స్టడీ అవర్‌కు ఇన్‌ఛార్జి, వారం వారం పరీక్ష, ఆ వెంటనే ర్యాంకుల లిస్టు. యూనివర్సిటీలో ఇవేవీ ఉండవు. క్లాసుకు ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఉండరు, అటెండెన్స్ తగ్గాక నోటీసు మాత్రం వస్తుంది. యంత్రాంగం పోయింది, పక్కవాడు పోటీదారు అన్న భయం మాత్రం మిగిలింది. మొదటి మిడ్ పరీక్షలో దెబ్బ పడేది ఇక్కడే.

దీనికి భాష తోడవుతుంది. నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి, మిగతా సగం బయటి రాష్ట్రాల వాళ్లవి. హాస్టల్ వరండాలో హిందీ, ఇంగ్లిష్ గలగలా వినిపిస్తుంటే మనవాడు గదిలోకి జారుకుంటాడు. కేయూలో ఇబ్బంది ఇంకో రకం. ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో తెలుగు మీడియం డిగ్రీతో పీజీకి వచ్చిన అమ్మాయికి సబ్జెక్టు వచ్చు, ఇంగ్లిష్‌లో సందేహం అడగడమే రాదు. అడగనంత కాలం లెక్చరర్‌కు ఆమె ఇబ్బంది కనబడదు. తెలుగులోనే అడగండి. లెక్చరర్లలో చాలామంది ఈ దారిలో వచ్చినవాళ్లే.

ఒంటరి చదువు ఎలా దెబ్బతీస్తుందో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీలో యూరి ట్రీస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థికి ఒక చిక్కు ఎదురైంది. స్కూల్లో బాగా చదివిన నల్లజాతి విద్యార్థులు యూనివర్సిటీ క్యాలిక్యులస్‌లో వరసగా తప్పుతున్నారు. చైనా మూలాలున్న విద్యార్థులు నెగ్గుకొస్తున్నారు. అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు. (ఈ మూడూ మన స్టాఫ్ రూముల్లోనూ వినిపించేవే.) ఆయన ఆ మాటలతో సరిపెట్టుకోలేదు. విద్యార్థుల వెంట తిరిగి, వాళ్లు ఎలా చదువుతున్నారో స్వయంగా చూశాడు. మొదటి బృందం కష్టపడుతోంది, కానీ ఎవరికి వారే. రెండో బృందం మొదట ఒక్కొక్కరుగా లెక్కలు చేసి, సాయంత్రం కలిసి కూర్చుని జవాబులు పోల్చుకుంటోంది, ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటోంది. ఏ లెక్క తన ఒక్కడికే రాలేదో, ఏది అందరికీ మింగుడుపడలేదో వాళ్లకు తెలిసిపోయేది. ఒంటరిగా చదివేవాడికి అది తెలిసే వీల్లేదు. అందుకే ప్రతి తప్పునూ తన తెలివితక్కువతనం ఖాతాలో వేసుకుంటాడు. ట్రీస్‌మన్ ఆ తర్వాత వర్క్‌షాపులు పెట్టి, వెనకబడ్డ వాళ్లన్న ముద్ర వేయకుండా, ఇంకా కఠినమైన లెక్కలిచ్చి కలిసి చేయమన్నాడు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి.

ఆ వరస గమనించండి: ముందు ఒంటరిగా, తర్వాత కలిసి. మన దగ్గర గ్రూప్ స్టడీ చాలాసార్లు తిరగబడుతుంది. ఒకడు చెప్తాడు, ముగ్గురు తలాడిస్తారు, చివరికి సినిమా కబుర్లు. నలుగురికి మించి వద్దు. చేతిలో సగం చేసిన లెక్క లేనివాళ్లకు ఆ రోజు చోటు లేదు. అడిగేటప్పుడు ‘ఏమీ అర్థం కాలేదన్నా’ అంటే ఏ సీనియరూ సాయం చేయలేడు. ‘ఈ మూడో లైన్‌లో మైనస్ ఎక్కణ్నుంచి వచ్చింది?’ అంటే రెండు నిమిషాల పని.

సీనియర్లంటే భయం సహజమే. కానీ మెడికల్ కాలేజీల్లో అనాటమీ బోన్ సెట్ ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు చేతులు మారుతూ వస్తుంది. దాంతోపాటే ఏ పుస్తకం చదవాలో, ఏది వదిలేయాలో కూడా. ఇది సాయం. అర్ధరాత్రి గదికి పిలిచి ‘పరిచయం’ అనడం సాయం కాదు. ర్యాగింగ్‌పై 1997లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలూ వచ్చాయి. హెల్ప్‌లైన్ 1800-180-5522. చదువు సంగతి అటుంచి, నిద్ర, తిండి కూడా దెబ్బతింటుంటే స్నేహితులతో ఆగకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక ఏ సీనియర్‌ను పట్టుకోవాలి? అందరూ టాపర్ చుట్టూ తిరుగుతారు. నా ఓటు మాత్రం మొదటి సెమ్‌లో బ్యాక్‌లాగ్ పెట్టుకుని, రెండో ఏడాదిలో గట్టెక్కినవాళ్లకు. ఎక్కడ జారతామో టాపర్‌కు తెలియకపోవచ్చు. వీళ్లకు మాత్రం యూనిట్‌తో సహా గుర్తుంటుంది. మెస్‌లో ఒక్క సాయంత్రం ఆరా తీస్తే అలాంటివాళ్లు ఇద్దరైనా దొరుకుతారు. ఆ యూనిట్ ఏదో ముందు అడిగేయండి.