ఇంటి భీమా – ఆదాయపుపన్ను

“ఇంటిభీమాకు కట్టిన ప్రీమియము వలన ఆదాయపుపన్ను తగ్గునా?” అని రైతుసోదరులు మమ్ము తఱచుగా నడుగుచున్నారు. కేవలము సేద్యపు రాబడిపై కేంద్రప్రభుత్వపు ఆదాయపుపన్ను లేదు గనుక, ఇతరాదాయము గలవారికే యీ ప్రశ్న. దీనిని మూడు విధములుగా విచారింతము.

1. స్వంత కాపురపుటిల్లు: ప్రీమియము వలన పన్ను తగ్గదు. పాత పన్నుపద్ధతిలో జీవితభీమాకు గల రాయితీ దీనికి వర్తింపదు.

2. అద్దెయిల్లు: 1922 నాటి చట్టము ప్రీమియమును అద్దెనుండి తీసివేయనిచ్చెను. 2002 ఏప్రిలునుండి ఆ పద్ధతి పోయి, నూటికి 30 వంతులు మొత్తముగా మినహాయించుచున్నారు. ఏడాది అద్దె 60,000 రూపాయలు, చెల్లించిన ఇంటిపన్ను 4,000 రూపాయలు అనుకొందము. మిగిలిన 56,000లో 16,800 పోగా 39,200 లెక్కకు వచ్చును. ప్రీమియమునకు వేఱుగా తగ్గింపు లేదు.

3. వ్యాపారపు కొట్టు, గిడ్డంగి: లెక్కలు వ్రాసి పన్ను కట్టువారికి ప్రీమియము వ్యాపారపు ఖర్చగును. ఇల్లును కొట్టును ఒకే కప్పుక్రింద నున్నచో కొట్టుభాగమునకే యిది చెల్లును.

పన్ను తగ్గలేదని భీమా మానుట యవివేకము. ఒక్క నిప్పురవ్వకు కప్పును, విత్తనపు గింజలును బూడిదయగును. కప్పు పూరిదో పెంకుదో పాలిసీలో నున్నదున్నట్లు వ్రాయింపుడు, గింజలు భీమాలో చేరినవో లేదో చూచుకొనుడు, రసీదును భద్రపఱచుడు.