పాఠం: అమ్మానాన్నల పెళ్లి డీవీడీ

పిల్లలూ, ఉమ్ సలాల్‌లో మీ ఇంటి అల్మారాలో పాత డీవీడీలు ఉన్నాయేమో చూడండి. చాలా ఇళ్లలో రెండు రకాలు దొరుకుతాయి: అమ్మానాన్నల పెళ్లి వీడియో, ఊరి నుంచి తెచ్చుకున్న 'మాయాబజార్' లాంటి సినిమా. కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ పెట్టే చోటే ఉండట్లేదు. మరి వీటికి నకలు తీసి దాచుకోవచ్చా? నకలు అంటే కాపీ.

ముందు పెళ్లి డీవీడీ. ఇది వీడియో తీసినవాళ్లు కంప్యూటర్‌లో రాసి ఇచ్చింది. ఇలాంటి డిస్క్‌లో బొమ్మలన్నీ ఒక సన్నని రంగు పొరలో నమోదై ఉంటాయి. ఎండ, వేడి ఆ పొరని పాడుచేస్తాయి. జూలైలో కారులో వదిలేశారో, ఇక అంతే! అందుకే దీని పని ముందు చూడండి. దీని మీద హక్కు ఎవరిది? భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. అందులోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి వీడియో తీయించుకున్నవాళ్లదే హక్కు. తాతయ్య తీయించి ఉంటే తాతయ్యదే. వెనకాల వినిపించే సినిమా పాటలు మాత్రం తాతయ్యవి కావు! అవి లేని పెళ్లి వీడియో మనవాళ్లలో ఉంటుందా? ఇంట్లో చూసుకోండి, యూట్యూబ్‌లో పెడితే పాటల హక్కుదారులు అడ్డు చెప్పొచ్చు.

నకలు తీయడం తేలికే. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. డిస్క్‌లో 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. మామూలు డిస్క్‌లో పట్టేది 4.7 జీబీయే. చివరిదాకా ఆడుతోందో లేదో చూసి, ఇంకో కాపీ అమ్మమ్మ ఇంట్లో ఉంచండి.

ఇక సినిమా డీవీడీ. మీరు కొన్నది డిస్క్‌ని, సినిమాని కాదు. చాలా సినిమా డిస్క్‌లకి సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. కొన్నింటికి ప్రాంతం నంబరు కూడా: భారత్‌ది 5, ఖతార్‌ది 2. భారత చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాంకి జాగ్రత్త కోసం నకలు తీసుకోవచ్చని స్పష్టంగా ఉంది, సినిమాకి అలా లేదు. సొంత వాడకానికి 'న్యాయమైన మేరకు' అని మాత్రమే ఉంది. పైగా మనం ఉండేది ఖతార్‌లో, ఇక్కడ 2002 నాటి 7వ నంబరు కాపీరైట్ చట్టం ఉంది. రెండు దేశాలూ బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి, కాబట్టి మన సినిమాలకి ఇక్కడా రక్షణ ఉంటుంది. అందుకే నా మాట: తాళం పగలగొట్టొద్దు, అదే డ్రైవ్‌లో డిస్క్ పెట్టుకుని చూడండి. స్నేహితుడికి డిస్క్ ఇచ్చి మళ్లీ తీసుకుంటే కొత్త నకలు పుట్టదు. కాపీ చేసిస్తే అది సొంత వాడకం కాదు.

మీ పని: తాతయ్యకి గానీ అమ్మమ్మకి గానీ ఫోన్ చేసి, పెళ్లి వీడియో ఎవరు తీయించారో, అందులో ఏ పాటలున్నాయో అడగండి. నకలు, హక్కు, తాళం అనే మాటలు వచ్చేలా ఐదు వాక్యాలు రాయండి.