హోటల్, టూరిజం ఉద్యోగాలకు మనం ఎలా తయారవ్వాలి?

హోటల్ పని అనగానే మన ఇళ్ళల్లో "ప్లేట్లు కడగడానికా నిన్ను చదివించేది?" అంటారు. మా అమ్మా అదే అంది. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదటిదాన్ని. కాబట్టి అమ్మకు తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకుని చెప్పడం మన పని.

పెద్ద హోటల్లో ముఖ్యంగా నాలుగు విభాగాలు ఉంటాయి. వచ్చినవారిని పలకరించి గది ఇచ్చేది ఫ్రంట్ ఆఫీసు. గదులు శుభ్రంగా ఉంచేది హౌస్ కీపింగ్. వంట చేసేది కిచెన్. వడ్డించేది సర్వీసు. టూరిజంలో గైడు పని కూడా ఉంది.

కావలసిన నేర్పులు:
1. నవ్వుతూ, నిదానంగా మాట్లాడడం. తెలుగుతో పాటు ఇంగ్లీషు, హిందీ కొంచెమైనా రావాలి.
2. శుభ్రత, టైము. మన హాస్టల్ బెల్లు నేర్పేది ఇదే.
3. లెక్కలు, కంప్యూటరు.
4. మన ఊళ్ళ సంగతులు తెలియడం. చల్లపల్లి చుట్టూ ఎన్ని ఉన్నాయో చూడండి! మోపిదేవి గుడి, కూచిపూడి, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి, హంసలదీవి. ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది. పూర్వం టాలెమీ రాసిన కంటకోసిల ఇదేనని చరిత్రకారులు అంటారు.

మా నాన్న పీతలు పడతాడు. ఏ పాయలో పోటు ఎప్పుడొస్తుందో, మడ అడవిలో బావురుపిల్లి అడుగు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. గైడుకి కావలసింది ఇదే గదా! మారేడుమిల్లి అడవిలో వన సంరక్షణ సమితుల ఆదివాసులే పర్యాటకులకు బస నడిపి చూపించారు.

వెళ్ళే దారి:
1. ముందు పదో తరగతి పాసవ్వాలి. తరువాత కొన్ని ఐ.టి.ఐ.లలో ఒక ఏడాది వంట కోర్సు ఉంది.
2. లేదా ఇంటర్ ఇంగ్లీషుతో పాసై, ఎన్.సి.హెచ్.ఎం. జె.ఇ.ఇ. పరీక్ష రాస్తే హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరవచ్చు. కేంద్ర సంస్థల్లో ఎస్.టి.లకు 7.5 శాతం సీట్లు ఉంటాయి.
3. కుల ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోవాలి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేది ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

జాగ్రత్త! ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వకండి. జీతం, పని గంటలు కాగితం మీద రాయించుకోవాలి. 14 ఏళ్ళలోపు పిల్లల్ని హోటల్ పనికి పెట్టడం 2006లోనే నిషేధించారు. ఎవరైనా తీసుకుపోతుంటే వార్డెన్ మేడం గారికి చెప్పండి, 1098కి ఫోన్ చేయించండి.

రోజూ స్టడీ అవర్ అయ్యాక ఒక్కొక్కరం ఐదు నిమిషాలు ఘంటసాల గురించి ఇంగ్లీషులో చెబుదాం. తప్పులొచ్చినా నవ్వకూడదు. మొదటి రోజు నేను చెబుతాను.

– 9వ తరగతి విద్యార్థిని