దుకాణం విలువ కట్టేదెలా?

దుకాణం వక్ఫ్ చేయదలచిన దాతలు మమ్మల్ని మొదట అడిగేది దాని విలువ ఎంతని. మేము చూసేది గోడల ఖరీదు కాదు, ఏటా చేతికి మిగిలే ఆదాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. నెల అద్దె 20,000 రూపాయలైతే ఏడాదికి 2,40,000. ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని 20,000, ఆస్తిపన్నుకు, మరమ్మతులకు 40,000 తీసేస్తే నికరం 1,80,000. ఆ బజారులో ఇలాంటి దుకాణాలు ధరపై 6 శాతం నికరాదాయం ఇస్తుంటే, 1,80,000ను 100తో హెచ్చించి 6తో భాగించాలి. విలువ 30 లక్షలు.

అద్దె పాతదైతే ఈ లెక్క తప్పుతుంది. పక్క దుకాణానికి 20,000 వస్తుండగా మనది 8,000కే ఉంటే, తగ్గింది దుకాణం విలువ కాదు, మన వసూలు. ఆ 12,000 నెలనెలా వితంతువుల పింఛనులోంచి, పిల్లల ఫీజుల్లోంచి పోతుంది. పైగా వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్ముకుని నష్టం పూడ్చుకోలేము. 1995 వక్ఫ్ చట్టానికి 2013లో జరిగిన సవరణ ప్రకారం లీజు 30 ఏళ్లు మించకూడదు. కానీ అన్నేళ్లూ ఒకే అద్దె ఉంటే నష్టమే. అందుకే అద్దె పెంపు షరతును ఒప్పందంలోనే రాయించాలి.

దానమిచ్చే ముందు అద్దె ఒప్పందం, పన్ను రశీదు, ఈసీ తీసుకుని రండి. లెక్క కలిసి వేద్దాం. అల్లాహ్ మీ దానాన్ని సదకయె జారియాగా స్వీకరించుగాక. ఆమీన్.