డీన్ గారి ఇల్లు

దక్షిణాఫ్రికా దేశంలో జోహాన్నెస్‌బర్గ్ అనే పెద్ద నగరం ఉంది. బంగారు గనుల వల్ల పెరిగిన ఊరు అది. ఆ ఊళ్లో సెయింట్ మేరీ పేరు మీద ఒక పెద్ద చర్చి ఉంది. బిషప్ గారి పీఠం ఉండే చర్చిని కెథడ్రల్ అంటారు. కెథడ్రల్ మంచిచెడ్డలు చూసుకునే పెద్ద పాదిరిని డీన్ అంటారు. ఎన్నో ఏళ్లు అక్కడ తెల్లవాళ్లే డీన్లుగా ఉన్నారు. 1975లో మొదటిసారి ఒక నల్లజాతి మనిషికి ఆ పదవి వచ్చింది. ఆయన పేరు డెస్మండ్ టూటూ.

పదవితో పాటు డీన్‌కు ఒక ఇల్లు ఇస్తారు. ఆ ఇల్లు తెల్లవాళ్లు ఉండే హౌటన్ పేటలో ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. ఎవరు ఏ పేటలో ఉండాలో ఆ దేశంలో చట్టమే చెప్పేది. మనిషి రంగు చూసి పేట. తెల్లవాళ్లకు మంచి పేటలు. నల్లవాళ్లకు ఊరి బయట బస్తీలు. నల్లవాళ్లు ఎక్కడికి వెళ్లినా పాసు పుస్తకం దగ్గర ఉంచుకోవాలి. ఇది భూమి పాసు పుస్తకం కాదు. నగరంలో ఉండటానికి, పని చేయడానికి అనుమతి పుస్తకం. పోలీసు అడిగినప్పుడు చూపించకపోతే జైలే. మొదట మగవాళ్లకు ఉండేది. తరవాత ఆడవాళ్లకు కూడా పెట్టారు. 1956 ఆగస్టు 9న వేలమంది ఆడవాళ్లు ప్రిటోరియా నగరంలో ఊరేగింపుగా వెళ్లి, మాకు పాసులు వద్దన్నారు.

టూటూ హౌటన్ ఇంట్లో ఉండాలంటే సర్కారును ప్రత్యేకంగా అనుమతి అడగాలి. ఆయన, భార్య లేయా ఇద్దరూ అడగం అన్నారు. నల్లవాళ్ల బస్తీ సొవేటోలో కాపురం పెట్టారు. డీన్ గారు రోజూ బస్తీ నుంచి నగరానికి వచ్చి పని చేసుకుని పోయేవారు. బస్తీలోని కూలీలూ అలాగే కదా వచ్చిపోయేది!

ఈ పట్టుదల ఆయనకు ఎక్కడ నుంచి వచ్చింది?

టూటూ 1931లో పుట్టారు. తండ్రి బడి పంతులు. తల్లి అలెతా పెద్దగా చదువుకోలేదు. తెల్లవాళ్ల ఇళ్లలో పని చేసేది. తరవాత గుడ్డివాళ్ల బడిలో వంట చేసేది. టూటూ చిన్నప్పుడు ఒకరోజు తల్లి పక్కన నిలబడి ఉన్నారు. పొడుగు అంగీ వేసుకున్న తెల్ల పాదిరి ఒకాయన అటు వెళుతూ, ఆమెను చూసి టోపీ పైకెత్తి మర్యాద చేశాడు. పనిమనిషికి ఒక తెల్లవాడు టోపీ ఎత్తడమా! పిల్లవాడు నోరు తెరిచి చూశాడు. ఆ పాదిరి పేరు ట్రెవర్ హడిల్‌స్టన్. తరవాత టూటూకు క్షయ వచ్చి చాలాకాలం ఆసుపత్రిలో ఉంటే, ఆయనే పుస్తకాలు తెచ్చి పలకరించేవారు. టూటూ తన కొడుక్కి ట్రెవర్ అనే పేరు పెట్టుకున్నారు.

టూటూకు డాక్టరు కావాలని ఉండేది. డబ్బు లేక పంతులయ్యారు. 1953లో సర్కారు ఒక చట్టం తెచ్చింది. నల్లపిల్లలకు తక్కువ చదువు చాలన్నది దాని సారం. కూలిపని చేసేవాళ్లకు లెక్కలెందుకు అన్నట్టు మాట్లాడారు పెద్దలు. అలాంటి చదువు నేను చెప్పను అని టూటూ ఉద్యోగం మానేశారు. తరవాతే పాదిరి అయ్యారు.

డీన్‌గా ఆయన ఉన్నది ఏడాది మాత్రమే. ఆ ఏడాది మామూలుది కాదు. 1976 మే నెలలో ప్రధానమంత్రి ఫోర్‌స్టర్‌కు ఆయన ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఓపిక పట్టలేని స్థితికి వచ్చారు, ఆలస్యమైతే నెత్తురు పారుతుందని హెచ్చరించారు. పాసు చట్టాలు తీసేయమన్నారు. అందరి పెద్దలనూ పిలిచి మాట్లాడమన్నారు. ప్రధాని ఆ ఉత్తరాన్ని తేలిగ్గా తీసిపారేశాడు.

నెల తిరిగేసరికి జూన్ 16 వచ్చింది. లెక్కలు, సాంఘిక శాస్త్రం ఆఫ్రికాన్స్ భాషలో చెప్పాలని సర్కారు ఆజ్ఞ. అది తెల్ల పాలకుల భాష. పిల్లలకు సరిగా రాదు. వద్దంటూ సొవేటో బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లలు చనిపోయారు. గొడవలు దేశమంతా పాకాయి. కొన్ని నెలల్లో వందలమంది ప్రాణాలు పోయాయి. చనిపోయింది తెల్లపిల్లలయితే మీరు ఇలా మౌనంగా ఉండేవారా అని టూటూ తన చర్చికి వచ్చే తెల్లవాళ్లను నిలదీశారు.

అప్పటికే ఆయనను పక్క దేశం లెసోతోకు బిషప్‌గా ఎన్నుకున్నారు. వెళ్లారు. 1978లో తిరిగి వచ్చి సర్కారుతో పోరు సాగించారు. ఆయన పాస్‌పోర్టు లాక్కున్నారు. 1984లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1986లో కేప్‌టౌన్ ఆర్చిబిషప్ అయ్యారు. ఆ ఏడాదే పాసు చట్టాలు పోయాయి. లేయా గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. ఆమె ఆ రోజుల్లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేశారు.

1994 ఏప్రిల్‌లో టూటూ జీవితంలో మొదటిసారి ఓటు వేశారు. అప్పుడు ఆయన వయసు 62 ఏళ్లు. 2021 డిసెంబరు 26న కన్నుమూశారు. ఆడంబరాలు వద్దని, అన్నిటికంటే చవకైన శవపేటిక తెమ్మని ముందే చెప్పి ఉంచారు. మామూలు పైన్ చెక్క పెట్టె తెచ్చారు.