కుండలోని అంకె మనకు బాకీపడదు



సికింద్రాబాదునకు కూరగాయలు తోలుకొనిపోవు సభ్యులు కొందరు, గతమున పడిన మట్కా అంకెల పట్టికలను కొనితెచ్చి మాకు చూపుచున్నారు. "ఈ అంకె ఇరువది సార్లుగా పడలేదు; ఇక పడక తప్పదు గదా?" యని వారి ప్రశ్న. మొలకల లెక్క నేర్పిన మేమే ఈ లెక్కయు నేర్పుట యుక్తమని తలంచితిమి.

మట్కా యనగా కుండ. బొంబాయిలో న్యూయార్కు ప్రత్తిధరల అంకెలపై కాయుచుండిన పందెము 1960 దశకమున కుండలోని చీటీలు తీయు జూదముగా మారెను. కావున కుండతోనే పరీక్షింపుడు. 0 మొదలు 9 వఱకు వ్రాసిన పది చీటీలను కుండలో వేసి, చూడక ఒకటి తీసి, అంకె వ్రాసికొని, చీటీని మరల లోపలవేసి కలుపుడు. ఇట్లు 100 సార్లు చేయుడు. ఒక్కొక్క అంకె సరిగా 10 సార్లే రాదు. ఒకటి 6 సార్లు, వేఱొకటి 14 సార్లు వచ్చుట సహజము.

ఒక అంకె వరుసగా 20 సార్లు రాకుండుటకు నూటికి 12 పాళ్లు అవకాశము గలదు. అంకెలు పది గనుక, ఏదో యొకటి యెప్పుడును అట్లు వెనుకబడి యుండుట వింతగాదు. 21వ సారి యది వచ్చుటకు అవకాశము ఎప్పటివలె పదింట నొకటియే. చీటీకి జ్ఞాపకము లేదు. అది మనకు బాకీపడదు.

అట్లయిన పాత లెక్కలు నిరర్థకములా? కావు. తడిగుడ్డలోని 100 గింజలలో 60 మాత్రమే మొలచినచో, ఆ సంచిలోని తక్కినవియు ఇంచుమించు అట్లే మొలచును. ఏలయన పాతబడుటయో, చెమ్మయో, పురుగో వాని కన్నిటికిని తగిలియుండును. లెక్క వెనుక కారణమున్నచో అది దారి చూపును. బాగుగా కలిపిన కుండలో అట్టి కారణము లేదు. కుండ పట్టినవాడే మోసగాడైనచో పట్టిక మరింత నిరుపయోగము.

ఇక సొమ్ము లెక్క. ఒక అంకెపై రూపాయి కాచి గెలిచినవానికి సాధారణముగా 9 రూపాయలిత్తురు. పది అంకెలపైనను రూపాయి చొప్పున కాచినవాడు 10 ఇచ్చి 9 పుచ్చుకొనును. దినమునకు 100 రూపాయల వంతున 300 దినములు కాచినచో సగటు నష్టము 3,000 రూపాయలు. ఏ పట్టికయు దీనిని తగ్గింపజాలదు. అదిగాక మట్కా, 1974 నాటి గేమింగు చట్టము క్రింద నేరము.

సంఘపు అప్పు తీర్చుటకే కాయుచున్నామని చెప్పినవారును గలరు. వాయిదా కట్టలేనివారు ముందుగా సంఘమునకు వచ్చి చెప్పుడు. గడువు అడుగుట సిగ్గుగాదు. పట్టికను నమ్మువారు రాబోవు సమావేశమునకు దానితోపాటు ఒక కుండను గూడ తెండు. అందఱము కలిసి చీటీలు తీసి చూతము.